గడప దాటలేనివారి టీకా

పసిబిడ్డకు టీకా వేయవలసివచ్చినచో మన గ్రామములకు నర్సమ్మ వచ్చును. మంచుపలకల నడుమ మందుసీసాలు పెట్టిన పెట్టెను భుజమున వ్రేలవేసికొని వచ్చి, అంగన్‌వాడి యరుగుపై కూర్చుండి, తల్లులను పేరుపేరున పిలిపించి, సూది వేసి పోవును. బిడ్డ నడవజాలదు గనుక వైద్యమే బిడ్డకడకు నడచి రావలెనను ధర్మమును ప్రభుత్వమువారు అంగీకరించిరి, మనమును అంగీకరించితిమి. ఎనుబదియేండ్ల ముసలివాడును నడవజాలడు. అతని విషయమున మాత్రము ఆ ధర్మము వర్తింపదట! 2021వ సంవత్సరమున కోవిడు టీకా వచ్చినప్పుడు మన దేశమున జరిగినది ఇదియే. అది గతించిన కథ గదా యని మా చదువరులలో కొందరు పుట త్రిప్పబోవుదురేమో. గతింపలేదని చూపుటకే మేము కలము పట్టితిమి.

ముందుగా ప్రభుత్వమువారికి రావలసిన మెప్పు వారికిత్తము. 2021 జనవరి 16వ తేదీన టీకాలు మొదలైనవి. ఆసుపత్రులలో పనిచేయువారికిని, వారి వెంట పోలీసులు, పారిశుద్ధ్యపు పనివారు మొదలగువారికిని వేసినపిమ్మట, మార్చి 1వ తేదీనుండి అరువదియేండ్లు దాటినవారికి వంతు వచ్చెను. ఇది తగిన వరుసయే. 2020లో ఈ వ్యాధిచే మరణించినవారిలో సగమునకు పైగా అరువదియేండ్లు నిండినవారని ప్రభుత్వపు లెక్కలే చెప్పినవి. మందునకును కొరతయున్నదేగాని అది మనకు పరాయిది కాదు. ఒకటి పూనానగరమున తయారగుచుండెను, రెండవది హైదరాబాదు చెంతనే తయారగుచుండెను. వృద్ధులకు వరుసలో ముందుచోటు ఇచ్చిన బుద్ధి మంచిదే. ఐతే ఆ వరుస ఎక్కడ నిలుచుచున్నది, అచ్చటికి వృద్ధుడెట్లు చేరును అను ప్రశ్నను ఆ బుద్ధి అడుగలేదు.

మన దేశమున ప్రాథమిక ఆరోగ్య కేంద్రము ముప్పదివేల జనమునకొకటి చొప్పున ఏర్పరుపవలెనని నియమము. ముప్పదివేల జనమనగా ఎన్ని పల్లెలో, వాని నడుమ ఎంత దారియో గ్రామవాసులకు మేము చెప్పనక్కరలేదు. కేంద్రమునకు ఏడెనిమిది మైళ్ళ దూరమున ఒక పల్లెయున్నదనుకొందము. అందొక ముసలమ్మ యున్నది. మోకాళ్ళ నొప్పులు, చూపు మందము, కుమారుడు పట్టణమున కూలిపనిలో నున్నాడు. ఆమె తెల్లవారుజామున లేచి, ఎవరినో బతిమాలి ఆటో యెక్కి, కేంద్రము చేరి, గుంపులో నిలుచుండవలెను. ఏ వ్యాధికి వెఱచి టీకాకు వచ్చినదో ఆ వ్యాధి ఆ గుంపులోనే యున్నది. ప్రొద్దెక్కిన పిమ్మట సరకు అయిపోయినది రేపు రమ్మనిరి. రేపటికి మరల ఆటో వలయును. 2021 మే నెలలో తెలంగాణమున సరకు చాలక మొదటి మోతాదు కొన్నాళ్ళు నిలిపివేసిరి. ఆంధ్రమునను రెండవ మోతాదు కొరకు వచ్చినవారితో కేంద్రములు క్రిక్కిరిసినవి.

రెండవ మోతాదు మాట వచ్చినది గావున దానినిగూర్చియు చెప్పవలెను. కోవిషీల్డు రెండు మోతాదుల నడుమ వ్యవధి మొదట నాలుగు మొదలు ఆరు వారములన్నారు. మార్చి 22వ తేదీన ఎనిమిది వారములవరకు పోవచ్చుననిరి. మే 13వ తేదీన పండ్రెండు మొదలు పదునారు వారములు కావలెననిరి. శాస్త్రజ్ఞులు క్రొత్తసంగతి తెలిసినకొలది మాట మార్చుట తప్పు గాదు. అది శాస్త్రమునకు శోభయే. కాని మారిన మాట వృద్ధునకు చేర్చు మార్గమేది? సెల్‌ఫోను గలవానికి ఒక చిన్న సందేశము వచ్చును. ఫోను లేని ముసలివానికి ఆ సందేశము ఆసుపత్రి గుమ్మముకడనే వినబడును. అది వినుటకై అతడు ఆటోకిరాయి యిచ్చి, ఒక పూట కూడు మానుకొని రావలెను.

అరువది దాటినవారు కోవిన్ యను అంతర్జాలపు పట్టికలో ముందుగా పేరు వ్రాయించుకొననక్కరలేదనియు, నేరుగా కేంద్రమునకు వచ్చి అచ్చటనే వ్రాయించుకొనవచ్చుననియు అధికారులు చెప్పిరి. నిజమే. ఒక ఫోనుసంఖ్యమీద నలుగురి పేర్లు వ్రాయింపవచ్చుననియు చెప్పిరి. అదియు నిజమే. ఇవి చదువు రానివారి కష్టమును కొంత తీర్చినవి. కాలు రానివారి కష్టమును తీర్పలేదు. ఆ దినములలో పదునెనిమిది మొదలు నలువదినాలుగేండ్ల వయసువారు అంతర్జాలమున గాలించి, పట్టణమున చోటు దొరకనందున ఎక్కడో పల్లెటూరి కేంద్రమున ఖాళీ చూచి, కారులలో అచ్చటికిపోయి సూది వేయించుకొని వచ్చిన వార్తలు బొంబాయి, బెంగుళూరు ప్రాంతములనుండి వచ్చినవి. వారు పుచ్చుకొన్నది వృద్ధుల వాటా కాదనవచ్చును, మేమును అట్లనము. ఐనను ఇందు ఒక పాఠము కలదు. కారుగల పడుచువానికి ముప్పది మైళ్ళు షికారు. కారులేని ముసలమ్మకు మూడు మైళ్ళు మహాసముద్రము. దేశమున టీకా యెంత యున్నదని లెక్కవేసినవారు ఎందరో. అది ఎవరి గుమ్మమునకు ఎంత దూరమున నున్నదని లెక్కవేసినవారు అరుదు.

ఈ సంగతి న్యాయస్థానములదాక పోయినది. సుప్రీముకోర్టువారు 2021 మే 31వ తేదీ ఉత్తరువులో, అంతర్జాలము అందనివారి గతి యేమని కేంద్ర ప్రభుత్వమును నిలదీసిరి. ఆ ముగ్గురు న్యాయమూర్తులలో ఒకరు మన తెలుగువారగు లావు నాగేశ్వరరావుగారు. బొంబాయి హైకోర్టులో ఇద్దరు న్యాయవాదులు వేరుగా ఒక వ్యాజ్యము వేసిరి. మంచము దిగలేనివారికి, చక్రపు కుర్చీలోనున్నవారికి, మిక్కిలి వృద్ధులకు ఇంటికివచ్చి టీకా వేయవలెనని వారి ప్రార్థనము. ప్రధాన న్యాయమూర్తి దీపాంకర్ దత్తాగారును, గిరీష్ కులకర్ణిగారును దానిని విచారించిరి. కేంద్ర ప్రభుత్వమువారు ఇంటింటికి వచ్చుట ప్రస్తుతము సాధ్యము కాదనిరి. అంతకుముందే మే 27వ తేదీన వారు ఇంటికి కాక ఇంటి సమీపమునకు టీకా తెత్తుమని చెప్పి, బడులలోను, పంచాయతి భవనములలోను, వృద్ధాశ్రమములలోను కేంద్రములు పెట్టవచ్చునని నియమములు వెలువరించియుండిరి. మంచిపనియే. కాని మంచము దిగలేనివానికి వీధిచివరనున్న బడియు ఢిల్లీయు సమానదూరమే గదా!

ఆ విచారణలో ధర్మాసనము అడిగిన ప్రశ్న యొకటి మాకు మరపురాదు. ఇంటికి వెళ్ళి వేయుటకు నియమము లేదన్నచో, ఒక ప్రముఖ రాజకీయ నాయకునకు ఇంటికడ టీకా వేసినవారెవరు? నగరపాలక సంస్థవారా, రాష్ట్ర ప్రభుత్వమువారా? నాయకునిమీద మాకు కోపము లేదు. వృద్ధుడై, రోగియైన మనుజునకు ఇంట సూది వేయుట తగినపనియే. అతనికి తగినది అతని వీధి చివర గుడిసెలోని వృద్ధునకు ఎందుకు తగదో ఎవరైనను చెప్పగలరా? అసాధ్యమను మాట దొరవాకిట సుసాధ్యమై, బీదవాకిట మరల అసాధ్యమగుట మన దేశమున క్రొత్త కాదు.

ప్రభుత్వమువారు చూపిన కారణములను మేము తేలికగా త్రోసివేయము. అవి ఉత్తరము కోరదగినవే.

మొదటిది సీసా సంగతి. కోవిషీల్డు సీసాలో పది మోతాదులుండును. మూత విప్పినపిదప నాలుగు గంటలలో వాడవలెను, లేనిచో పారవేయవలెను. ఒక్క ముసలివానికొరకు సీసా విప్పినచో తొమ్మిది మోతాదులు నేలపాలగును. కరవుకాలమున అది పాపమే. కాని ఒక్కనికొరకు విప్పుమని యడిగినవారెవరు? ఉపకేంద్రపు నర్సమ్మకు అయిదువేల జనము అప్పగింపబడియుందురు. 2011 జనాభా లెక్కల చొప్పున నూటికి ఎనిమిదిన్నరకు పైగా అరువది దాటినవారు. అనగా ఆమె పరిధిలో నాలుగువందల ముప్పదిమంది వృద్ధులు. వారిలో పదింట ఒకరు ఇల్లు కదలలేనివారనుకొందము, నలువదిముగ్గురు. పదిమందిని ఒక జట్టుగా చేర్చి, ఒక పూటకొక సీసా చొప్పున పోయినచో అయిదు పూటలలో పని తీరును. అయిదు పూటలు! మిగిలిన చోటులో ఆ యిండ్లలోనే వృద్ధులను కాచుకొనియుండు కోడలికో కూతురికో వయసును బట్టి వేయవచ్చును. ఈ లెక్కకు ఇంజనీర్లు అక్కరలేదు. పాలవాడు ప్రతి ఉదయము ఏ వీధిలో ఎన్ని శేర్లు కావలెనో చూచుకొని బిందె నింపుకొనుట లేదా?

రెండవది చల్లదనము. మందు రెండు మొదలు ఎనిమిది డిగ్రీల సెల్సియసు వేడిమిలో నుండవలెను. పెట్టెను మాటిమాటికి తెరచిన చెడిపోవునని భయపడిరి. ఆ భయము పసిబిడ్డల టీకాలకును కలదు. మనవారు ఆ పెట్టెను రోహిణీ కార్తె యెండలలో మన్యపు గూడెములకు మోసికొనిపోయి తెచ్చుచునే యున్నారు. గూడెమునకు పోగల పెట్టె పెద్దవీధికి పోలేదా?

మూడవది ప్రాణభయమునకు సంబంధించినది గావున దానిని గట్టిగా విచారింతము. టీకా వేసినపిమ్మట అరగంట కనిపెట్టి చూడవలెను. మిక్కిలి అరుదుగా కొందరికి ఒడలు తట్టుకొనలేక తీవ్రవికారము కలుగును. 2021 మార్చి 8వ తేదీన టీకా వేయించుకొన్న అరువదియెనిమిదేండ్ల వృద్ధుడొకడు అట్టి వికారముచేతనే మరణించెనని ప్రభుత్వము నియమించిన సంఘమే నిర్ధారించినది. ఆ మరణమును దాచుట మాకిష్టము లేదు. టీకా పక్షమున వాదించువారు కీడును దాచినకొలది ప్రజల నమ్మకము సడలును. ఐనను ఆ వికారమునకు అడ్రినలిను మందు కలదు, అది నర్సమ్మ సంచిలో నుండదగినదే. ఒక వీధిలో పదిండ్లకు వరుసగా సూది వేయుచు పోవునప్పుడు ఆశా కార్యకర్త వెనుకటి యిండ్లను కనిపెట్టియుండగా, అరగంట దానంతట అదియే గడచును. పిలిచిన పలుకునంత దూరముననే నర్సమ్మ యుండును. కావలసినది 108 బండి ఆ పూట ఆ దిక్కున నిలిచియుండుట. పసిబిడ్డలకు టీకా వేయునప్పుడును వికారము కలుగవచ్చును. అందువలన అంగన్‌వాడికి టీకా పోరాదని ఎవరైన వాదించిరా? టీకా వేయించుకొనక కరోనా సోకినచో ఆ వృద్ధునకు కలుగు అపాయమును ఈ అరుదైన అపాయముతో తూచి చూడుడు.

నాలుగవ కారణము పనివారు చాలరని. ఈ వాదము వినినప్పుడెల్ల మాకు నవ్వును కోపమును ఒక్కసారిగా వచ్చును. 2021 ఏప్రిలు 6వ తేదీన తమిళనాడు, కేరళము, పుదుచ్చేరి రాజ్యములలో శాసనసభ యెన్నికలు జరిగినవి. పుదుచ్చేరిలో మన యానాము కూడ చేరియున్నది. ఎనుబదియేండ్లు దాటినవారు కోరినచో ఇంటికడనే ఓటు వేయవచ్చునని ఎన్నికల సంఘమువారు ఏర్పాటు చేసిరి. అధికారులు కాగితములు, కవరులు పట్టుకొని వృద్ధుల యిండ్లకు పోయి, మంచముప్రక్క మరుగు కల్పించి, ఓటు వేయించుకొని, ముద్ర వేసి తీసికొనిపోయిరి. చాల మంచి ఏర్పాటు. మేము చేతులెత్తి నమస్కరింతుము. కాని ఆ నెలలోనే, ఆ వృద్ధునకే, ఆ మంచముకడకే టీకా తెచ్చుట సాధ్యము కాదనిరి. వృద్ధుని ఓటు ప్రభుత్వమునకు కావలెను, గనుక దానికొరకు దారి దొరకినది.

ఇంతకన్న దగ్గరి నిదర్శనము మన యింటనే యున్నది. ఆంధ్రప్రదేశమున 2020 ఫిబ్రవరి 1వ తేదీనుండి వృద్ధుల పింఛను ఇంటికివచ్చి యిచ్చుచున్నారు. మొదట వాలంటీర్లు ఇచ్చిరి. 2024 జూలై మొదలు సచివాలయ ఉద్యోగులు ఇచ్చుచున్నారు. ఏ వీధిలో ఏ యింట ఏ వృద్ధుడున్నాడో, అతడు లేవగలడో లేవలేడో, ఆ పట్టికలో కలదు. 2024 ఏప్రిలులో ఎన్నికల నిబంధనలవలన ఆ ఏర్పాటునకు అంతరాయము కలిగి, వృద్ధులు పింఛను కొరకు ఎండలో సచివాలయములకు పోవలసిరాగా రాష్ట్రమంతయు గగ్గోలు పుట్టెను. పక్షభేదము లేక అందరును ముసలివారి కష్టమునకు కన్నీరు కార్చిరి. 2021 ఏప్రిలు మే నెలల ఎండ యేమైనను చల్లనిదా? అప్పుడా కన్నీరు ఎక్కడ దాగినది? వాలంటీరు ఇంటికివచ్చి, మీ వంతు వచ్చినది కేంద్రమునకు పోవుడని చెప్పి పోయెను. చెప్పుటకు మనిషి గుమ్మముదాక రాగలిగెను, సూది రాలేకపోయెను.

ఆంధ్రప్రదేశపు ప్రభుత్వము గ్రామ సచివాలయములలోనే టీకా వేయించి చాలవరకు దూరమును తగ్గించినమాట మేమంగీకరింతుము. 2021 జూన్ 20వ తేదీన ఒక్క దినముననే పదమూడు లక్షలకు పైగా మోతాదులు వేసిరి. ఆ సంఖ్య వినుటకు ఇంపుగా నున్నది. ఐతే మోతాదులు లెక్కించు ప్రభుత్వమునకు గుమ్మములు కానరావు. పదమూడు లక్షలలో మంచము దిగనివాడు ఎందరని యడిగినచో పట్టికలో ఆ గడియే లేదు.

ఇక చేయదలచినవారు చేసిరి. కాశ్మీరములో బందిపొర మండలమున వేయాన్ అను పల్లెకు ఆరోగ్యసిబ్బంది కొండదారిని పదునెనిమిది కిలోమీటర్లు నడచిపోయి, అచ్చటి వయోజనులందరికి, మూడువందల అరువదియిద్దరికి, టీకా వేసివచ్చిరి. అది 2021 జూన్ మాటయే. ఢిల్లీవారు అసాధ్యమని వాదించుచున్న పక్షమే. జూలై చివరి దినములలో మొదలుపెట్టి బొంబాయి నగరపాలకులు మంచముపట్టిన వారికి ఇంట టీకా వేయసాగిరి. తుదకు సెప్టెంబరు 23వ తేదీన కేంద్ర ప్రభుత్వమువారే, కదలలేనివారికిని వికలాంగులకును ఇంటికడ టీకా వేయవచ్చునని ప్రకటించిరి. నవంబరులో ఇంటింట తలుపుతట్టు ఉద్యమమును తామే నడిపిరి. జూన్ నెలలో అసాధ్యమైనది సెప్టెంబరులో సాధ్యమాయెను. ఈ మూడు మాసములలో మందు మారలేదు, సీసా మారలేదు, అరగంట అరగంటగానే యున్నది. ఏప్రిలు మే నెలల ఉపద్రవము మాత్రము వచ్చి, తనకు కావలసినవారిని కొనిపోయి, వెడలిపోయినది.

ఇంటికివచ్చు టీకా మన దేశమునకు క్రొత్తయా? 1975లో మశూచి మన దేశమునుండి అంతరించినది. ఎట్లంతరించెను? పనివారు ఇల్లిల్లు గాలించి, రోగిని కనుగొని, చుట్టునున్నవారికెల్ల టీకా వేయుటచేత. పోలియో చుక్కలకై కాడునకు బీడునకు, ఇటుకబట్టీలకు, రైలుపెట్టెలకు పోయిరి; 2011 జనవరి పిమ్మట మన దేశమున సహజమైన పోలియో వైరసుచే ఆ రోగము పుట్టలేదు. ఇల్లు తట్టుట మనకు వచ్చిన విద్యయే. వృద్ధుని ఇల్లు తట్టుటకు మాత్రము చేయి రాలేదు.

ఎందుకు రాలేదు? ఇచ్చట మేము ప్రభుత్వమును విడిచి మా చదువరులవైపు తిరుగుచున్నాము, కోపగింపకుందురుగాక. మన యిండ్లలో ముసలివారినిగూర్చి ఒక మాట మెల్లగా వాడుకలో నున్నది: ఈ వయస్సున ఇంకేమి టీకా, ఉన్నన్నాళ్ళు కృష్ణా రామా యనుకొని యుండక! ఈ మాట కొడుకు అనును, కోడలనును, ఒక్కొక్కప్పుడు ఆ ముసలివారే అందురు. వినినవారు దానిని వైరాగ్యమనుకొందురు. అందులో సగము, తన కొరకు ఆటో మాటలాడుమని కొడుకును అడుగలేని బిడియము. వితంతువైన పెద్దమ్మ విషయమున ఈ బిడియము రెట్టింపు. ఆమె పేర ఫోను లేదు, చేతిలో పైకము లేదు, ఆమె ఆధారు కార్డు ఏ పెట్టెలో నున్నదో ఆమెకే తెలియదు. షష్టిపూర్తికి ఊరంతయు పిలిచి శాలువ కప్పిన కుమారరత్నములే, తండ్రి టీకాకొరకు ఒక పూట సెలవు పెట్టుటకు వెనుదీసిరి. అమెరికాలోనున్న కుమారుడు తన వీధి మందులకొట్టులో సూది వేయించుకొని, తెనాలిలోనున్న తల్లికి ఫోనుచేసి జాగ్రత్త చెప్పెను. అతనిని మేము నిందింపము, అచ్చటి వృద్ధులును మొదటి నెలలలో అంతర్జాలపు గుమ్మముల ముందు పడిగాపులు పడినవారే. కాని తెనాలిలో మిగిలిన బంధువులు ఏమి చేయుచుండిరి? పక్కింటి పడుచువాడు ఏమి చేయుచుండెను? గృహస్థుడు నోరెత్తనిచో ప్రభుత్వము చెవి యొగ్గదు. పింఛనుకు నోరెత్తితిమి గనుక పింఛను ఇంటికి వచ్చుచున్నది.

ఇప్పుడీ తగవేల యని యడుగుదురా? 2023 మే 5వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థవారు కోవిడు అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించిరి. ఆ మాటతో మనము వృద్ధుల టీకా మాటయే మరచితిమి. మన సార్వత్రిక టీకా కార్యక్రమము గర్భిణులకును, శిశువులకును, బాలురకును ఉద్దేశింపబడినది. చలికాలపు ఇన్‌ఫ్లుయెంజాకు, ఊపిరితిత్తుల వాపునకు టీకాలున్నవి. వృద్ధులకవి మేలు చేయునని వైద్యులు చెప్పుచున్నారు. వానిని పైకము పెట్టగలవాడు పట్టణపు ఆసుపత్రిలో వేయించుకొనును, తక్కినవాడు వాని పేరైన వినడు. రేపు మరియొక మహమ్మారి వచ్చి, మరియొక టీకా పుట్టినచో, అది వృద్ధుని మంచముదాక పోవు దారి యేది? 2021లో ఏడు మాసములు వాదించి వేసిన దారి అప్పుడే గడ్డి మొలచియున్నది.

మేము కోరునది పెద్దది కాదు. ప్రతి ఉపకేంద్రమున ఇల్లు కదలలేనివారి పట్టిక యొకటి యుండవలెను. పింఛను పట్టికనుండి దానిని ఒక్క దినమున ఎత్తి వ్రాయవచ్చును. కొత్తగా ఏ టీకా వచ్చినను ఆ పట్టికలోనివారికి ఇంటనే వేయవలెనను ఉత్తరువు ముందుగానే యుండవలెను, మహమ్మారి వచ్చినపిదప కోర్టునకు పోయి అడుగుకొనునట్లు కారాదు. నర్సమ్మకు ఆ పూటకు బండికిరాయి యీయవలెను. ఆమె కాళ్ళును కాళ్ళేగదా. అంతవరకు మా చదువరులు ఊరకుండనక్కరలేదు. ఈ నెలలోనే మీ వీధిలో గడప దాటలేనివారెవరో విచారించి, పేరు, వయస్సు, ఇంటిసంఖ్య, వారికి తోడుండువారి ఫోనుసంఖ్య ఒక కాగితముపై వారి యనుమతితో వ్రాయుడు. ఒక ప్రతి నర్సమ్మకిచ్చి, రెండవది గ్రామసభలో అధ్యక్షునిచేతికిచ్చి, అందినట్లు సంతకము పుచ్చుకొనుడు.